వీలాన్‌లు విడదీశాక టీవీకి మీడియా సర్వర్ కనపడలేదు: ఎక్కడెక్కడ ఏం ఆపిందో నా అనుభవం

ఇంటి నెట్‌వర్క్‌ని వీలాన్‌లుగా, అంటే ఒకే తీగల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లుగా, ముక్కలు చేసిన వాళ్లలో చాలామందికి ఈ తలనొప్పి తప్పదు. టీవీలు, కెమెరాలు, స్మార్ట్ ప్లగ్గులు ఒక వీలాన్‌లో, మన ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, సర్వర్ ఇంకో వీలాన్‌లో పెడతాం. ఎప్పుడో కొన్నాక అప్‌డేట్ అనేదే చూడని టీవీ పోయి మన బ్యాకప్‌ల పక్కన కూర్చోకూడదు అనేది ఆలోచన, అది మంచి ఆలోచనే, నేనూ అందుకే చేశాను. చేసిన కాసేపటికే టీవీలో మీడియా సర్వర్ మాయం, ఫోన్లో క్యాస్ట్ గుర్తు (నొక్కితే వీడియో టీవీలో ఆడించే బటన్) మాయం. ఇంట్లోవాళ్ల ప్రశ్న మాత్రం ఒక్కటే: "మొన్నటిదాకా బాగానే ఉంది కదా, ఎందుకు కెలికావ్?"

ముందు నా అమరిక చెప్పేస్తాను, లేకపోతే కింద రాసింది అర్థం కాదు. రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఉంది, దాని కింద ఒక మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్స్ మార్చుకోగలిగే స్విచ్). వీలాన్ 10 మాది, అంటే 192.168.10 తో మొదలయ్యే చిరునామాలు. వీలాన్ 20 టీవీలు వగైరాలది, 192.168.20. సర్వర్ 192.168.10.20 మీద ఉంటుంది, అందులో జెల్లీఫిన్ (మన సినిమాలని టీవీలకి అందించే మీడియా సర్వర్ ప్రోగ్రామ్) నడుస్తుంది, అది వినే తలుపు నంబరు, అంటే పోర్టు, 8096. చూసే పరికరాలు మూడు రకాలు: సొంత యాప్ వేసుకోగలిగే స్మార్ట్ టీవీ, ఒక క్యాస్ట్ డాంగిల్, డీఎల్‌ఎన్‌ఏ (ఇంటి నెట్‌వర్క్‌లో మీడియా పంచుకునే పాత ప్రమాణం) తప్ప ఇంకేమీ తెలియని పాత టీవీ. ఫైర్‌వాల్ రూల్ అందరూ పెట్టుకునేదే: 10 నుంచి 20కి వెళ్లొచ్చు, 20 నుంచి 10కి కొత్తగా ఏ కనెక్షనూ మొదలుపెట్టకూడదు, 20 నుంచి ఇంటర్నెట్‌కి వెళ్లొచ్చు.

ఈ సమస్య కోసం వెతికితే దొరికే సలహాల్లో ఎక్కువ భాగం "అవాహీ పెట్టు", "ఐజీఎంపీ ప్రాక్సీ పెట్టు", "అదీ పనిచేయకపోతే ఫైర్‌వాల్ మొత్తం తెరిచి చూడు" అన్న ధోరణిలోనే ఉంటాయి (మొదటి రెండూ వెతుకులాట ప్యాకెట్లని ఒక వీలాన్ నుంచి ఇంకోదానికి దాటించే రిలే ప్రోగ్రామ్‌లు). వీటిలో దేనికైనా ముందు చూడాల్సింది ఒకటుంది. సర్వర్ ఎక్కడుందో కనుక్కోవడం ఒక పని, అక్కడి నుంచి వీడియో తెచ్చుకుని ఆడించడం ఇంకో పని. మొదటిది మల్టీకాస్ట్ (ఒకేసారి చాలా పరికరాలకి చేరేలా పంపడం) మీద నడుస్తుంది, రెండోది మామూలు టీసీపీ (రెండు పరికరాల మధ్య నేరుగా నడిచే కనెక్షన్). రెండూ ఒకేసారి ఆగిపోయినా, ఆపినవి మాత్రం వేర్వేరు. ఈ రెండింటినీ కలిపి పట్టుకుంటే ఏ మార్పు దేన్ని బాగుచేసిందో తెలియదు, చివరికి నాలుగు రకాల రిలేలు, పది ఫైర్‌వాల్ రూల్స్ మిగులుతాయి, వాటిలో ఏది తీసేస్తే ఏం పోతుందోనని ముట్టుకోవడానికే భయం.

అందుకని కనుక్కోవడం సంగతి పక్కన పెట్టి ఆడించడంతోనే మొదలుపెట్టాను. స్మార్ట్ టీవీ బ్రౌజర్ తెరిచి, రిమోట్‌తో ఒక్కో అంకె వెతుక్కుంటూ, 192.168.10.20:8096 అని కొట్టాను. తెల్ల పేజీ, కాసేపటికి టైమ్ అవుట్. ఊహించిందే, 20 నుంచి 10కి తలుపు మూసి ఉంది కదా. రౌటర్‌లో ఒక్క రూల్ రాశాను: వీలాన్ 20 నుంచి 192.168.10.20కి, టీసీపీ, 8096 పోర్టుకి మాత్రమే అనుమతి. వీలాన్ 10 మొత్తానికి కాదు, సర్వర్‌లోని మిగతా పోర్టులకీ కాదు. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే తెల్ల పేజీ.

ఇక్కడ ఊహలు మానేసి ప్యాకెట్లు చూడటం మొదలుపెట్టాలి. సర్వర్ మీద టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లని చూపించే ప్రోగ్రామ్) నడిపి, టీవీ చిరునామా, 8096 పోర్టు అని ఫిల్టర్ పెట్టి చూస్తే టీవీ నుంచి సిన్ ప్యాకెట్ (కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్) శుభ్రంగా వస్తోంది. ఒక సెకను ఆగి మళ్లీ సిన్, రెండు సెకన్లు ఆగి ఇంకోటి. సర్వర్ నుంచి జవాబుగా సిన్-యాక్ ఒక్కటీ లేదు. అంటే రౌటర్ తన పని చేసింది, ప్యాకెట్‌ని మింగేస్తున్నది సర్వరే. రీసెట్ ప్యాకెట్ వచ్చి ఉంటే పోర్టు మీద ఎవరూ వినట్లేదని అర్థం. ఏమీ రాకుండా మౌనంగా ఉంటే ఆ మెషీన్ సొంత ఫైర్‌వాల్ అడ్డుపడుతోందనే నూటికి తొంభై పాళ్లు. యూఎఫ్‌డబ్ల్యూ (సర్వర్ సొంత ఫైర్‌వాల్) చూస్తే 8096కి అనుమతి 192.168.10.0/24కే, అంటే వీలాన్ 10 చిరునామాలకే ఉంది. నెట్‌వర్క్ ఒకటే ఉన్నప్పుడు రాసిన రూల్ అది, అప్పటికి సరైనదే. 192.168.20.0/24 కలిపాను, పేజీ తెరుచుకుంది. విండోస్ మెషీన్‌ని సర్వర్‌గా వాడేవాళ్లు ఇక్కడ ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి, అందులో నెట్‌వర్క్ డిస్కవరీకి సంబంధించిన రూల్స్ చాలావాటికి పరిధి "లోకల్ సబ్‌నెట్" అని ఉంటుంది, వేరే వీలాన్ దానికి బయటి ప్రపంచం కిందే లెక్క.

స్మార్ట్ టీవీ యాప్‌లో సర్వర్ చిరునామా చేత్తో ఇచ్చాను, సినిమా ఆడింది. నిజం చెప్పాలంటే సగం మందికి పని ఇక్కడితో అయిపోతుంది. యాప్ చిరునామా గుర్తుపెట్టుకుంటుంది, సర్వర్‌కి ఐపీ మారకుండా డీహెచ్‌సీపీలో (పరికరాలకి చిరునామాలు పంచేది అదే) రిజర్వ్ చేసి పెడితే చాలు. మల్టీకాస్ట్ జోలికి వెళ్లే అవసరమే లేదు. నా దగ్గర క్యాస్ట్ డాంగిల్, పాత టీవీ లేకపోయి ఉంటే నేనూ ఇక్కడే ఆపేసేవాణ్ని.

క్యాస్ట్ గుర్తు విషయానికొస్తే, ఫోన్ డాంగిల్‌ని ఎండీఎన్‌ఎస్ (ఒకే నెట్‌వర్క్‌లోని పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే పద్ధతి) ద్వారా కనుక్కుంటుంది. "గూగుల్‌క్యాస్ట్ సర్వీస్ ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా" అని 224.0.0.251 అనే మల్టీకాస్ట్ చిరునామాకి, 5353 పోర్టుకి అరుస్తుంది. ఆ 224.0.0 తో మొదలయ్యే చిరునామాలన్నీ ఒక్క నెట్‌వర్క్ ముక్కకే పరిమితం, టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే అంకె) ఎంత ఉన్నా సరే రౌటర్ వాటిని అవతలికి పంపకూడదు. అది రౌటర్ లోపం కాదు, నియమమే అది. కాబట్టి ఇక్కడ ఫైర్‌వాల్ రూల్స్ ఎన్ని రాసినా, మొత్తం తెరిచేసినా, క్యాస్ట్ గుర్తు రాదు. చాలామంది గంటలకొద్దీ కొట్టుకునేది ఇక్కడే. కావాల్సింది ఒక వైపు విన్న మాటని రెండో వైపు మళ్లీ తన నోటితో చెప్పే మధ్యవర్తి, దాన్నే రిఫ్లెక్టర్ అంటారు.

అవాహీలో ఆ సదుపాయం ఉంది. దాని కాన్ఫిగరేషన్ ఫైల్లో రిఫ్లెక్టర్ అనే విభాగంలో ఒక్క లైను ఆన్ చేయాలి. దానికంటే ముఖ్యమైనది, ఏయే ఇంటర్‌ఫేస్‌ల మీద పనిచేయాలో స్పష్టంగా రాయడం. రాయకపోతే అందుబాటులో ఉన్న అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా మొదలుపెడుతుంది. గెస్ట్ వైఫై ఉంటే ఇంటికొచ్చిన ప్రతివాళ్ల ఫోన్లోనూ మీ టీవీ పేరు కనపడుతుంది. నేను 10, 20 వీలాన్‌లే రాశాను. దాంతోపాటు వీలాన్ 20 నుంచి రౌటర్‌కి యూడీపీ (ముందు కనెక్షన్ పెట్టుకోకుండా పంపే పద్ధతి) 5353 రావడానికి ఇన్‌పుట్ రూల్ (రౌటర్‌కే వచ్చేవాటికి అనుమతి) కూడా కావాలి. 20 నుంచి రౌటర్ మీదకి వచ్చేవాటిలో డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్ (పేరు అడిగితే ఐపీ చెప్పేది) తప్ప అన్నీ ఆపేసి ఉంటాం కదా, ఆ రూల్ లేకపోతే అవాహీ నడుస్తూనే ఉంటుంది కానీ దాని చెవిన ఏమీ పడదు. ఇంకో మాట, నెట్‌వర్క్‌లో రిఫ్లెక్టర్ ఒక్కటే ఉండాలి. రౌటర్‌లో ఒకటి, యాక్సెస్ పాయింట్ కంట్రోలర్‌లో ఇంకోటి ఆన్ అయ్యి ఉంటే ఒకటి చెప్పింది ఇంకోటి విని మళ్లీ చెప్పి, అలా గుండ్రంగా తిరిగే ప్రమాదం ఉంది.

క్యాస్ట్ గుర్తు వచ్చింది, ఫోన్లో డాంగిల్ పేరు కనపడింది, నొక్కితే కనెక్ట్ అయింది, టీవీ మీద లోగో కూడా వచ్చింది. సినిమా నొక్కితే మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది. క్యాస్ట్ చేసేటప్పుడు వీడియో ఫోన్ గుండా వెళ్తుందని చాలామంది అనుకుంటారు. వెళ్లదు. ఫోన్ డాంగిల్‌కి చిరునామా ఇచ్చి తప్పుకుంటుంది, డాంగిల్ నేరుగా సర్వర్ దగ్గరికి వెళ్లి తెచ్చుకుంటుంది. ఫోన్ నుంచి డాంగిల్‌కి వెళ్లేది 8009 పోర్టు మీద, అది 10 నుంచి 20కి కాబట్టి అడ్డు లేదు. డాంగిల్ నుంచి సర్వర్‌కి 8096, దానికీ రూల్ రాశాను. మరి ఎక్కడ ఆగింది?

రౌటర్ మీద డాంగిల్ ఐపీ పెట్టి అన్ని ప్యాకెట్లూ చూశాను. సర్వర్ వైపు అది ఒక్క ప్యాకెట్ కూడా పంపట్లేదు. పంపుతున్నది 8.8.8.8కి డీఎన్‌ఎస్ ప్రశ్న. అడుగుతున్నది నా సర్వర్ పేరు, మా ఇంట్లో మాత్రమే చెల్లే పేరు. బయటి డీఎన్‌ఎస్‌కి ఆ పేరు ఎలా తెలుస్తుంది, "అలాంటి పేరే లేదు" అని జవాబు. డీహెచ్‌సీపీలో మనం ఇచ్చిన డీఎన్‌ఎస్‌ని పట్టించుకోకుండా తమలో ముందే రాసి ఉన్న 8.8.8.8నే అడిగే పరికరాలు ఉన్నాయి, ఇదొకటి. ఫోన్ యాప్‌లో సర్వర్‌ని పేరుతో కాకుండా ఐపీతో కలిపాను, అక్కడితో సరి. రౌటర్‌లో 53 పోర్టుకి వెళ్లే ప్రతి ప్రశ్ననీ మన డీఎన్‌ఎస్‌కే మళ్లించే పద్ధతి కూడా ఉంది, ఇంట్లో ఇంకేవైనా పరికరాలు ఇలాగే మొండికేస్తే అది మేలు. నా అవసరానికి ఐపీ చాలింది.

ఇక పాత టీవీ. దీని మెనూలో సర్వర్ చిరునామా చేత్తో ఇచ్చే చోటే లేదు, డీఎల్‌ఎన్‌ఏ ద్వారా తనంతట తాను కనుక్కుంటేనే కనుక్కున్నట్టు. డీఎల్‌ఎన్‌ఏ ప్రమాణాన్ని నడిపిన సంస్థ 2017లోనే మూతపడింది, అయినా దాని అవశేషాలు టీవీల మెనూల్లో ఇంకా బతికే ఉన్నాయి. జెల్లీఫిన్‌లో కూడా 10.9 వెర్షన్ నుంచి డీఎల్‌ఎన్‌ఏ ప్రధాన ప్రోగ్రామ్‌లో లేదు, విడిగా ప్లగిన్ వేసుకోవాలి, అది మొదట చూసుకోండి.

డీఎల్‌ఎన్‌ఏ కనుక్కునే పద్ధతి పేరు ఎస్‌ఎస్‌డీపీ. చిరునామా 239.255.255.250, పోర్టు 1900. ఇది 224.0.0 కోవలోది కాదు కాబట్టి సూత్రప్రాయంగా రౌటర్ దాటించవచ్చు, కానీ మల్టీకాస్ట్ రూటింగ్ అనేది ఇంటి రౌటర్లలో మామూలుగా ఆన్ అయి ఉండదు. ఎస్‌ఎంసీరూట్ లాంటి మల్టీకాస్ట్ రూటింగ్ ప్రోగ్రామ్ పెట్టి దాటిద్దామంటే టీటీఎల్ అడ్డం వస్తుంది. ప్యాకెట్ దాటిన ప్రతి రౌటర్ దగ్గరా టీటీఎల్ ఒకటి తగ్గుతుంది, కొన్ని పరికరాలు 1తోనే పంపుతాయి, అలాంటిది మొదటి రౌటర్ దగ్గరే చచ్చిపోతుంది. ఫైర్‌వాల్ మాంగిల్ టేబుల్లో (ప్యాకెట్లని మార్చే రూల్స్ ఉండే చోట) టీటీఎల్ పెంచే ఉపాయం ఉంది కానీ నాకది నచ్చలేదు. యూడీపీ బ్రాడ్‌కాస్ట్ రిలే అనే చిన్న ప్రోగ్రామ్ దొరికింది. దానికి పోర్టు 1900, రెండు ఇంటర్‌ఫేస్‌ల పేర్లు, మల్టీకాస్ట్ చిరునామా ఇస్తే ఒక వైపు వచ్చినదాన్ని రెండో వైపు మళ్లీ పంపుతుంది. పంపేటప్పుడు పంపినవాడి ఐపీని అలాగే ఉంచుతుంది, అది చాలా ముఖ్యం, ఎందుకంటే సర్వర్ జవాబు నేరుగా టీవీకే వెళ్లాలి.

రిలే పెట్టాక పాత టీవీ మెనూలో సర్వర్ పేరు వచ్చింది. లోపలికి వెళ్తే "కంటెంట్ అందుబాటులో లేదు". సర్వర్ మీద 1900 పోర్టు ప్యాకెట్లని లోపలి అక్షరాలతో సహా చూపించమని టీసీపీడంప్‌కి చెప్పాను. ఎస్‌ఎస్‌డీపీ మంచిదనం ఏమిటంటే అంతా మామూలు అక్షరాలే, హెచ్‌టీటీపీ లాగే ఉంటుంది, చదువుకోవచ్చు. టీవీ నుంచి ఎం-సెర్చ్ అని ప్రశ్న, సర్వర్ నుంచి 200 ఓకే అని జవాబు, ఆ జవాబులో లొకేషన్ అని ఒక లైను. నా వివరాలు ఇక్కడున్నాయి, వచ్చి తీసుకో అని టీవీకి చెప్పే లైను అదే. ఒక జవాబులో అక్కడ 192.168.10.20 ఉంది. దాని వెంటే వచ్చిన ఇంకో జవాబులో 172.17.0.1 ఉంది. అది డాకర్ (ప్రోగ్రామ్‌లని విడివిడి కంటైనర్లలో నడిపేది) మెషీన్ లోపల సొంతంగా పెట్టుకునే బ్రిడ్జ్ నెట్‌వర్క్ చిరునామా. సర్వర్ మెషీన్‌లో వేరే పనులకి డాకర్ ఉంది, మీడియా సర్వర్ ఆ మెషీన్‌లోని ఇంటర్‌ఫేస్‌లన్నిటి తరఫునా జవాబులిస్తోంది, పాపం టీవీ రెండోది నమ్మి, తనకి దారే లేని చిరునామాకి వెళ్లే ప్రయత్నం చేస్తోంది. నెట్‌వర్కింగ్ సెట్టింగ్స్‌లో ఏ చిరునామా మీద వినాలి అన్న చోట 192.168.10.20 ఒక్కటే ఇచ్చి సర్వర్ రీస్టార్ట్ చేశాక రెండో జవాబు ఆగిపోయింది, ఫోల్డర్లు వచ్చాయి. మీడియా సర్వర్‌నే డాకర్‌లో నడిపేవాళ్లయితే దానికి హోస్ట్ నెట్‌వర్క్ (మెషీన్ సొంత నెట్‌వర్క్) ఇవ్వాల్సిందే, మామూలు బ్రిడ్జ్‌లో పెడితే మల్టీకాస్ట్ కంటైనర్ దాకా చేరదు.

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలైంది. పాత టీవీలో సర్వర్ వచ్చింది, అందరికీ చూపించాను, కాసేపటికి లేదు. సర్వర్ రీస్టార్ట్ చేస్తే మళ్లీ వచ్చింది, ఏదో పని చూసుకుని వచ్చేసరికి మళ్లీ లేదు. ఈ రకం సమస్య మనిషిని బాగా ఏడిపిస్తుంది, ఎందుకంటే ఆ సమయంలో ఏ సెట్టింగ్ ముట్టుకుని రీస్టార్ట్ చేసినా "హమ్మయ్య, ఇదే మందు" అనిపిస్తుంది. విచిత్రం ఏమిటంటే అదే సమయంలో క్యాస్ట్ డాంగిల్ మాత్రం ఎప్పుడూ మాయం కాలేదు.

గడియారం పెట్టుకుని చూస్తే సర్వర్ రీస్టార్ట్ అయిన నాలుగు నిమిషాల పైచిలుకు దాకా బాగుంటుంది, తర్వాత పోతుంది, ప్రతిసారీ అంతే. సమయం అంత కచ్చితంగా ఉందంటే ఎక్కడో ఒక టైమర్ ఉన్నట్టే. ఆ టైమర్ ఐజీఎంపీది (మల్టీకాస్ట్ గ్రూపుల్లో ఎవరున్నారో తెలిపే పద్ధతి), ఉన్నది స్విచ్‌లో.

మేనేజ్డ్ స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ అని ఉంటుంది. ఏ పోర్టులో ఉన్న పరికరం ఏ మల్టీకాస్ట్ గ్రూపులో చేరిందో వింటూ, ఆ గ్రూపు ప్యాకెట్లని ఆ పోర్టులకే పంపుతుంది, మిగతా పోర్టుల మీద అనవసరపు రద్దీ ఉండదు. సర్వర్ మొదలైనప్పుడు "నేను 239.255.255.250లో చేరాను" అని ఒక రిపోర్ట్ పంపుతుంది, స్విచ్ రాసుకుంటుంది. అయితే ఆ నమోదు శాశ్వతం కాదు. ఎవరో ఒకరు మధ్యమధ్యలో "ఇంకా ఎవరెవరు ఉన్నారు" అని అడుగుతుండాలి, అడిగినప్పుడల్లా సర్వర్ "నేనున్నాను" అనాలి. ఆ అడిగేవాడే క్వెరియర్. ప్రమాణం ప్రకారం 125 సెకన్లకోసారి అడగాలి, రెండు విడతలు చూసి, జవాబుకి ఇంకో 10 సెకన్లు ఆగి, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే పేరు కొట్టేయాలి. మొత్తం 260 సెకన్లు, అంటే నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. నా నెట్‌వర్క్‌లో స్నూపింగ్ ఉంది, క్వెరియర్ లేదు. హాజరు పిలిచేవాడు లేని తరగతిలో పిల్లలందరికీ ఆబ్సెంట్ వేసినట్టుంది వ్యవహారం. దానికి తోడు స్విచ్‌లో, ఎవరూ నమోదు కాని మల్టీకాస్ట్‌ని పారేయమనే ఆప్షన్ కూడా ఆన్‌లో ఉంది. అది లేకపోతే పేరు కొట్టేశాక అన్ని పోర్టులకీ వదిలేసేదేమో, ఈ లోపం బయటపడేదే కాదు.

మరి డాంగిల్ ఎందుకు మాయం కాలేదు అంటే, ఎండీఎన్‌ఎస్ వాడే 224.0.0 చిరునామాలని స్నూపింగ్ ఉన్నా లేకపోయినా అన్ని పోర్టులకీ పంపాలని స్విచ్‌లకి మార్గదర్శకాల్లో చెప్పి ఉంది. అందుకే మీ ఇంట్లో కూడా క్యాస్ట్ బాగుండి, డీఎల్‌ఎన్‌ఏ మాత్రం నాలుగు నిమిషాల్లో పోతుంటే రౌటర్ జోలికి పోకుండా నేరుగా స్విచ్ దగ్గరికి వెళ్లండి.

స్విచ్‌లోనే క్వెరియర్ ఉంది, వీలాన్‌కి ఒకటి చొప్పున ఆన్ చేయాలి. రెండింటికీ చేశాను. క్వెరీ ఏ చిరునామా నుంచి వెళ్లాలి అని అడిగే పెట్టె ఖాళీగా వదిలితే 0.0.0.0 అని వెళ్తుంది, కొన్ని పరికరాలు అలాంటి క్వెరీని లెక్కలోకి తీసుకోవు, కాబట్టి ఆయా వీలాన్‌లలో స్విచ్‌కి ఒక చిరునామా ఇచ్చి అదే రాశాను. ఆ తర్వాత సర్వర్ మీద ఐజీఎంపీ ప్యాకెట్లు చూస్తే రెండు నిమిషాలకోసారి క్వెరీ రావడం, వెంటనే సర్వర్ రిపోర్ట్ ఇవ్వడం కనపడింది. అయిదు నిమిషాలు దాటింది, పది దాటింది, టీవీలో సర్వర్ అలాగే ఉంది. స్నూపింగ్ మొత్తంగా ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. చిన్న ఇంట్లో ఆపేసినా కొంపలు మునగవు, కాకపోతే వైఫై యాక్సెస్ పాయింట్ల మీదకి అనవసరపు మల్టీకాస్ట్ పోతుంది, వైఫైలో మల్టీకాస్ట్ మామూలుగా చాలా తక్కువ వేగంతో వెళ్తుంది కాబట్టి గాలి అంతా అదే ఆక్రమిస్తుంది. క్వెరియర్ ఆన్ చేయడం నాలుగు క్లిక్కుల పని, అది చేసుకోవడమే నయం.

కనుక్కోవడం, ఆడించడం రెండూ కుదిరాక మిగిలింది నాణ్యత. స్మార్ట్ టీవీలో 4కే సినిమా పెడితే బొమ్మ మసకగా, మధ్యమధ్యలో ఆగుతూ వస్తోంది, సర్వర్ ఫ్యాన్ హోరెత్తుతోంది. ఇదే ఫైలు, ఇదే టీవీ, వీలాన్‌లు పెట్టకముందు ఏ ఇబ్బందీ లేదు. రౌటర్ తట్టుకోలేకపోతోందని అనుమానం రావడం సహజం, ఎందుకంటే ఇదివరకు స్విచ్‌లోనే అటు నుంచి ఇటు వెళ్లిన వీడియో ఇప్పుడు రౌటర్ దాకా ఎక్కి దిగుతోంది. ఐపెర్ఫ్ అనే వేగం కొలిచే ప్రోగ్రామ్‌తో చూస్తే రెండు వీలాన్‌ల మధ్య వేగం బ్రహ్మాండంగా ఉంది. అల్ట్రా హెచ్‌డీ బ్లూరే డిస్క్ కూడా 150 ఎంబీపీఎస్ దాటదు, గిగాబిట్ రౌటర్‌కి అదేం లెక్క.

జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డులో ఆ సమయంలో ఏం ఆడుతోందో చూపించే చోట కారణం కూడా రాసి ఉంది: ట్రాన్స్‌కోడ్ అవుతోంది (సర్వర్ వీడియోని అప్పటికప్పుడు వేరే రూపంలోకి మారుస్తోంది), వీడియో బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) పరిమితి దాటింది కాబట్టి. ఎవరు పెట్టిన పరిమితి? బయటి నుంచి చూసేవాళ్లకి పెట్టింది. సెట్టింగ్స్‌లో ఇంటి నెట్‌వర్క్‌లు ఏవి అనే చోట 192.168.10.0/24 ఒక్కటే ఉంది, వీలాన్ 20లో ఉన్న టీవీని సర్వర్ ఎక్కడో ఊరి బయట ఉన్నదానిలా చూసి, దానికి తగ్గట్టు వీడియోని కుదించి పంపుతోంది. అక్కడ 192.168.20.0/24 కలిపాక ట్రాన్స్‌కోడ్ ఆగింది, నేరుగా ఆడింది, ఫ్యాన్ నోరు మూసింది. ఆ గడి ఖాళీగా ఉంచితే ప్రైవేట్ చిరునామాలన్నిటినీ ఇంటివిగానే చూస్తుంది, ఏదైనా రాస్తే మాత్రం రాసినవే ఇంటివి. ప్లెక్స్ అనే ఇంకో మీడియా సర్వర్‌లోనూ ఇలాంటి గడి ఉంది, అది వాడేవాళ్లు కూడా ఒకసారి చూసుకోండి.

అన్నట్టు టీవీకి కేబుల్ పెట్టినవాళ్లకి ఒక మాట. చాలా టీవీల ఈథర్‌నెట్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. బరువైన 4కే ఫైళ్లలో కొన్ని సీన్లు ఆ హద్దు దాటేస్తాయి, అప్పుడు కేబుల్ తీసేసి 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారితే ఆగకుండా ఆడుతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ మా టీవీలో జరిగింది అదే.

ఇదంతా ఎందుకు, సర్వర్‌కి వీలాన్ 20లో కూడా ఒక కాలు పెడితే సరిపోయేది కదా అని ఒక స్నేహితుడు అడిగాడు. నిజమే, ఒకే కేబుల్ మీద రెండో వీలాన్ ట్యాగ్ ఇచ్చి ఇంకో ఐపీ పెడితే రిలేలు, రిఫ్లెక్టర్లు ఏవీ లేకుండానే డీఎల్‌ఎన్‌ఏ తక్షణం పనిచేస్తుంది. కానీ అప్పుడు టీవీలకీ బ్యాకప్‌లకీ మధ్య రౌటర్ ఫైర్‌వాల్ ఉండదు, సర్వర్ సొంత ఫైర్‌వాల్ ఒక్కటే దిక్కు. పైగా టీవీ నుంచి 192.168.10.20కి రౌటర్ గుండా వచ్చిన ప్రశ్నకి సర్వర్ తన రెండో కాలు మీదుగా నేరుగా జవాబిస్తుంది, రౌటర్ సంభాషణలో సగమే చూసి మిగతాది అనుమానించి ఆపేస్తుంది, అప్పుడు అదొక కొత్త చిక్కు. మీడియా తప్ప ఇంకేమీ లేని సర్వర్ అయితే నేనైనా దాన్ని మొత్తంగా వీలాన్ 20లోకే తోసేసేవాణ్ని, గొడవే ఉండదు.

ప్రస్తుతం ఉన్న రూల్స్ ఇవే: 20 నుంచి సర్వర్‌కి టీసీపీ 8096, 20 నుంచి రౌటర్‌కి యూడీపీ 5353, 1900. ఒకటి మాత్రం వద్దనుకుని వదిలేశాను. ఫోన్లో డీఎల్‌ఎన్‌ఏ యాప్ తెరిచి పాత టీవీని వెతికితే దొరకదు. టీవీ సర్వర్‌ని వెతికితే దొరుకుతుంది, ఫోన్ టీవీని వెతికితే దొరకదు, ఇదేం న్యాయం అనిపిస్తుంది. కారణం ఏమిటంటే ఫోన్ ప్రశ్న వెళ్లింది 239.255.255.250కి, జవాబు వచ్చేది టీవీ సొంత ఐపీ నుంచి. ఫైర్‌వాల్ ఈ రెండింటికీ సంబంధం కలుపుకోలేదు, 20 నుంచి 10కి ఎవరో కొత్తగా వస్తున్నారనుకుని ఆపేస్తుంది. సర్వర్ జవాబు 10 నుంచి 20కి కాబట్టి ఆ బాధ లేదు. దాన్ని రానివ్వాలంటే టీవీ నుంచి మా వైపు ఫోన్లన్నిటికీ, పెద్ద నంబర్ల పోర్టులన్నీ యూడీపీలో తెరవాలి, ఎందుకంటే ఫోన్ ప్రతిసారీ ఏదో ఒక కొత్త పోర్టు నుంచే అడుగుతుంది. పాత టీవీకి రిమోట్ ఉంది, దాంతోనే ఫోల్డర్లు తిప్పుకుంటున్నాం, ఆ తలుపు మూసే ఉంచాను.